మారెప్ప గీసిన రెండో ముళ్ళెలుక

రాయదుర్గంలో జువాలజీ చదివిన పిల్లల్లో సగం మంది రికార్డుల్లో ఉన్న కప్ప మారెప్పదే. కప్ప ఒక్కటే కాదు, బొద్దింక నోరు, వానపాము గుండెలు, పావురం ఎముకలు కూడా అతనివే. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అతను ల్యాబ్ అటెండరు. సీసాలు కడగడం, ఫార్మలిన్ మార్చడం, కోసేసిన కప్పల్ని గోడ వెనక పాతిపెట్టి రావడం అతని ఉద్యోగం. బొమ్మలు గీయడం ఉద్యోగం కాదు, దురద. పరీక్షలు దగ్గర పడ్డాయంటే పిల్లలు రికార్డు పుస్తకాలు తెచ్చి అతని బల్ల మీద కుప్ప పోసేవారు. ఉన్నవాడు టీకి ఇచ్చేవాడు, లేనివాడు ఒక దండం పెట్టేవాడు. మారెప్పకు రెండూ ఒకటే.

జువాలజీ బొమ్మకు నియమాలున్నాయి. నీడ చూపించాలంటే పెన్సిలుతో రుద్దకూడదు, చుక్కలే పెట్టాలి. భాగాల పేర్లన్నీ కుడివైపే రాయాలి. పేర్లకు గీసే గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. ఇవి అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. లెక్చరర్లు పిల్లల్ని తిట్టేటప్పుడు ట్రే పట్టుకుని పక్కన నిలబడి నేర్చుకున్నాడు. ఒక ఏడాది బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒక రికార్డు తెరిచి, కుందేలు పుర్రె దగ్గర ఆగిపోయి, ఎవరు గీశారయ్యా ఇది అని అడిగాడు. నేనే సార్ అన్నాడు పిల్లవాడు, గుటక కూడా మింగకుండా. మారెప్ప వెనక్కి తిరిగి అప్పటికే కడిగిన బీకరును మళ్ళీ కడిగాడు.

అట్లా ఇరవై రెండేళ్ళు గడిచాయి. మనిషి కుదురుగా కూర్చోలేడు. ఇంట్లో అన్నం తింటూ లేచి వాకిట్లోకి పోయి వస్తాడు. బస్సులో సీటున్నా నిలబడతాడు. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేసే అతని భార్య బయమ్మ, నీ కాళ్ళకింద నిప్పులున్నాయా అని విసుక్కునేది. నిప్పులు కాళ్ళకింద లేవు. ఒక్క బొమ్మ కింద, ఒక్కటంటే ఒక్కదాని కింద, తన పేరు ఉండాలి. అది తన ఊళ్ళో తన అక్కకు తెలియాలి. అతని కోరిక అంతే. చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అక్క పేరు నల్లమ్మ. కుందుర్పికి నాలుగు మైళ్ళలో వాళ్ళ పల్లె. తల్లి పోయాక, తమ్ముణ్ణి చంకనేసుకుని ఒకరి గొర్రెలు మేపి పదో తరగతి దాకా చదివించింది ఆమే. వాడు పది తప్పాడు. టౌనుకు పోయి సీసాలు కడిగే పనిలో చేరాడు. నీ తమ్ముడు కలెక్టరయినాడంటనే అని ఊళ్ళో ఆడవాళ్ళు బోరింగు దగ్గర ఎన్నేళ్ళు ఎగతాళి చేశారో లెక్కలేదు. ఆమె ఒక్కమాట పడే మనిషి కాదు, కానీ ఈ ఒక్క విషయంలో తిరిగి అనడానికి ఆమె దగ్గర ఏమీ లేకపోయింది.

రెండువేల రెండులో పద్మప్రియ అనే కొత్త లెక్చరర్ వచ్చింది. అనంతపురం అమ్మాయి. ముప్పై కూడా నిండలేదు. సీసాలో ఉన్న జీవం కంటే బయట తిరిగే జీవం మీదే ఆమె ధ్యాసంతా. ఒకరోజు కుందుర్పి రోడ్డు మీద లారీ తొక్కేసిన ఒక చిన్న జంతువును కాగితంలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. పిడికిలంత ఉంది. వీపంతా పొట్టి ముళ్ళు.

"ఇదేంటో తెలుసా మారెప్పన్నా?"

"ముండ్లెలుక మేడం. ముండ్లపంది వేరే, అది పెద్దది. ఇది తాకితే ఉండ చుట్టుకుంటాది. గొర్లు మేపేటప్పుడు దీన్ని దొర్లించి ఆడుకుంటాంటిమి. మా గుట్ట మీద శానా ఉండె."

"ఇప్పుడు లేవా?"

"ఏటేటా గుట్ట కాలుస్తాంటే యాడుంటాయి మేడం."

అతనికది మామూలు మాట. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది, మొత్తం చెప్పమంది. ఆ సీమలో వేలం పెట్టనిదంటూ లేదు. చింతకాయకు పాట, సంత గేటుకు పాట. చెరువులో నీళ్ళుంటే చేపలకు పాట, నీళ్ళు లేకపోతే తుమ్మచెట్లకు పాట. పాడుకున్నవాడిదే ఆ ఏడాదికి హక్కు. పల్లె వెనక ఉన్న గుట్ట మీది కంపచెట్లకు కూడా పంచాయతీ వాళ్ళు కార్తీకంలో చావిడి ముందర పాట పెడతారు. పాడుకున్నవాడు కంప కొట్టి ఇటుకబట్టీలకు తోలి, మిగిలిన మొదళ్ళకు నిప్పు పెడతాడు. పగలంతా ముళ్ళెలుకలు నిద్రపోయేది ఆ మొదళ్ళ కిందే. వాటికి పరుగెత్తడం తెలియదు. భయమేస్తే ఉండ చుట్టుకుని ఉన్నచోటే ఉంటాయి. మంట వచ్చినా అంతే చేస్తాయి.

"అయితే ఆ పాట మనమే పాడదాం," అంది పద్మప్రియ.

డబ్బు ఎక్కడిదంటే దానికీ వేలమే అంది. మరుసటి ఏడు దసరా సెలవుల తర్వాత కాలేజీలో సైన్సు ఫెయిర్ పెట్టి, సీమలోని చిన్న జంతువుల బొమ్మలు పెద్ద షీట్ల మీద గీసి, టౌనులో వ్యాపారస్తుల్ని పిలిచి వేలం వేద్దామంది. "నువ్వు గీయి మారెప్పన్నా. బొమ్మ కింద నీ పేరే రాయి." మారెప్ప చేతిలో ఉన్న సీసా కింద పెట్టి వరండాలోకి పోయి, ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచాడు.

ఐదు బొమ్మలు గీశాడు. గుంటనక్క, చెవులపిల్లి, ముంగిస, పొలాల్లో గెంతే ఎలుక బాగానే వచ్చాయి. ఐదోది ముళ్ళెలుక. నిలువునా సగం జంతువు, సగం దాని ఎముకలు. ఒక్క గీత రుద్దకుండా అన్నీ చుక్కలే. కుడివైపు పేర్లు రాసే చోట పుస్తకం మాటలతో పాటు గొర్రెల కాపరులు చెప్పే సంగతులు కూడా రాశాడు, ముక్కు దగ్గర ఇది మట్టిలో పురుగును వాసనతోనే పసిగడుతుందని, పొట్ట దగ్గర ఇక్కడ ముళ్ళుండవు కనక దీన్నే దాచుకుంటుందని. చివరికి కింద పేరు రాయాలి. వేలమంది పేర్లు ముత్యాల్లాగా రాసిన చెయ్యే అది. అయినా పాత కాగితం మీద పదిసార్లు రాసి చూసుకుని అప్పుడు రాశాడు.

వేలం రోజు మైకులో అతని పేరు చదివారు. మిగతా బొమ్మలు పదిహేను వందలు, రెండు వేలు దాటలేదు. ముళ్ళెలుక దగ్గర మాత్రం ఇద్దరు జీన్స్ యూనిట్ల వాళ్ళు పట్టుదలకు పోయారు. చివరికి గిరి అనే ఆయన ఏడు వేలకు పాడాడు. చప్పట్లు కొట్టేటప్పుడు మారెప్ప ల్యాబులో ఉన్నాడు. అక్కడ నిలబడలేక పారిపోయి వచ్చేశాడు. మూడోరోజు జిల్లా పేపర్లో నాలుగు వాక్యాలు పడ్డాయి. అందులో అతని పేరు, ఊరి పేరు, ఏడు వేల సంగతి ఉన్నాయి.

ఆ పేపరు తీసుకుని ఆ ఆదివారమే ఊరికి పోయాడు. నల్లమ్మకు చదువు రాదు. తమ్ముడు చదివి వినిపిస్తే మళ్ళీ చదవమంది. మూడోసారి చదివించుకుని, ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ ముక్కను పట్టుకుని వీధిలోకి పోయింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఇన్నేళ్ళ బాకీ కూడా ఉంది మరి. బోరింగు దగ్గర చెప్పింది, కుందుర్పి సంతలో చెప్పింది, బస్సు కండక్టరు చేత చదివించి బస్సంతటికీ వినిపించింది. ఒక్క పూర్తి నెల మారెప్ప జీవితంలో మొదటిసారి కుదురుగా కూర్చుని అన్నం తిన్నాడు.

కార్తీకంలో గుట్ట పాట కూడా అనుకున్నట్టే అయింది. పద్మప్రియే వచ్చి పాడుకుంది. గొర్రెల్ని ఎవరైనా ఊరికే మేపుకోవచ్చు, కంప కొట్టొద్దు, నిప్పు పెట్టొద్దు, అంతే అని చెప్పిపోయింది. మంచి పనే. కానీ ఊరు ఊరుకుంటుందా? మూడేళ్ళుగా వాన లేదు, శనక్కాయ విత్తనం కూడా రాలేదు. అట్లాంటి కాలంలో దుడ్లు పోసి పాట పాడి, ఒక్క కంప కూడా కొట్టుకోకుండా పోయే మనిషి ఉంటుందా? ఆ గుట్ట మీద ఏదో ఉంది అనుకున్నారు. ఏముందో నల్లమ్మ అప్పటికే చెప్పేసింది. ఒక నోటి నుంచి ఒక నోటికి పోయేటప్పటికి ఏడు వేలు డెబ్బై వేలయింది, బొమ్మ కాస్తా జీవమయింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, చిన్నప్పుడు మారెప్పతో గొర్రెలు మేపిన సోమప్ప కాలేజీకి వచ్చాడు. చేతిలో మూతకు బొక్కలు పొడిచిన నూనె డబ్బా. ల్యాబ్ తలుపు దగ్గరికి వేసి మూత తీశాడు. అడుగున తొమ్మిది ముళ్ళ ఉండలు.

"ఏమప్పా, బొమ్మకే అన్ని వేలయితే జీవానికెంతిస్తారు? కొనే పార్టీ యాడుంటారో చెప్పు చాలు. నీ వాటా నీకిస్తా."

మారెప్ప వంగి వాటిని లెక్కపెట్టాడు. "పార్టీ లేదు ఏమీ లేదు సోమా. వాళ్ళు బొమ్మను కొన్నారు. జీవంతో వాళ్ళకు పనిలేదు."

"రెండుతలల పాము గురించి కూడా మొదట ఇట్లే చెప్పినారు. నమ్మి అగ్గువకు అమ్ముకున్నోళ్ళు ఈపొద్దుకూ ఏడుస్తాండారు. మాతాన దాపరికమేంటికప్పా? ఊరు ఊరంతా గడ్డపారలు తీసుకోని గుట్ట మీదనే ఉండాది. మొదళ్ళు తవ్వితే చాలు, దొరుకుతాండాయి."

మారెప్పకు జరిగిందేంటో అర్థమైంది. నిప్పు నుంచి కాపాడదామని పోతే గడ్డపార వచ్చింది. అది తెచ్చింది తన బొమ్మే, తన పేరే. ఫారెస్టు వాళ్ళకు చెబితే వస్తారు, సోమప్పను జీపెక్కిస్తారు. సోమప్ప ఇంట్లో పొయ్యి రెండుపూటలా వెలగడంలేదని అతనికి తెలుసు. నిజం చెబితే నమ్మడం లేదు. ఇక మిగిలింది ఒక్కటే. అది నోట్లోంచి దానంతటదే బయటపడింది.

"ఆ బొమ్మ అమ్ముడుపోలేదు సోమా."

"పేపర్లో ఏసినారే?"

"నేనే చెప్పి రాపిచ్చినా. గొప్పకు."

సోమప్ప వదల్లేదు. "అట్లయితే బొమ్మ నీతాననే ఉండల్ల. వచ్చే ఆదివారం ఊరికి తెచ్చి చూపీ. అప్పుడు నమ్ముతా." డబ్బా ఎత్తుకుని, ఒక ముళ్ళెలుకను మాత్రం బల్ల మీద వదిలాడు. ఒకవేళ పార్టీ ఉంటే చూపించడానికట. మిగతావాటిని ఆదివారం దాకా చంపొద్దని మారెప్ప ప్రాధేయపడితే, ప్రాణముంటేనే గదా ధర అని వెళ్ళిపోయాడు.

మారెప్ప గిరి యూనిట్ దగ్గరికి పరుగెత్తాడు. బొమ్మకు అద్దం కట్టించి బళ్ళారిలో ఉన్న తన అన్న ఇంటికి పంపేశానని, పదిరోజుల్లో పోయినప్పుడు అడుగుతానని గిరి చెప్పాడు. పదిరోజులు లేవు. ఉన్నది ఆరు రోజులే. తిరిగొచ్చి పద్మప్రియకు అంతా చెప్పి, కొత్త షీటు అడిగాడు. మళ్ళీ గీస్తానన్నాడు.

"వద్దు మారెప్పన్నా, నేనొచ్చి వాళ్ళకు చెప్తాను."

"మీరొస్తే ధర ఇంకా పెరుగుతాది మేడం."

"మరి నీ పేరు?"

అతను ఇంకు సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు. ఆమె షీటు తెచ్చి ఇచ్చింది.

మొదటి బొమ్మ చచ్చినదాన్ని చూసి గీసింది. ఇప్పుడు ప్రాణమున్నది ఎదురుగా ఉంది, సీసాలు పెట్టే అట్టపెట్టెలో. సాయంత్రమయ్యేసరికి మెల్లగా విచ్చుకుని ముక్కు బయటపెట్టేది. ఆ ముక్కు ఒక్క క్షణం ఆగదు. అటు వాసన, ఇటు వాసన, పెట్టె చుట్టూ తిరగడమే పని. దీనికీ నాకూ ఒకటే జబ్బు అనుకున్నాడు మారెప్ప. నాలుగు చుక్కలు పెట్టి లేచి నడిచేవాడు, వచ్చి మళ్ళీ నాలుగు చుక్కలు. గుట్ట మీద ఈ గంటలో ఎన్ని మొదళ్ళు తవ్వారో అన్న ఆలోచన రాగానే చెయ్యి తప్పేది. ఒక షీటు పాడైంది. రెండోది శనివారం మధ్యాహ్నానికి పూర్తయింది. గోడకు ఆనించి దూరంగా పోయి చూశాడు. ఇరవై రెండేళ్ళలో అంత మంచి బొమ్మ గీయలేదు. దీన్ని ఎవరూ కొనలేదని చెప్పడానికి రేపు పట్టుకుపోవాలి.

ఆదివారం చావిడి ముందర ఊరంతా ఉంది. డబ్బాలు, గోనెసంచులు, మూత వేసిన బుట్టలు. నల్లమ్మ పొద్దున్నే తలకు పోసుకుని అందరికంటే ముందర వచ్చి కూర్చుంది. తమ్ముడు బొమ్మ చూపించడానికి వస్తున్నాడని మాత్రమే ఆమెకు తెలుసు. మారెప్ప ఆమె వైపు చూడకుండా బొమ్మను చావిడి స్తంభానికి కట్టాడు. జనం వైపు తిరిగాడు.

"ఇదేనప్పా ఆ బొమ్మ. వేలంలో దీన్ని ఎవురూ అడగలేదు. ఏడు వేలూ లేదు, ఏడు రూపాయలూ లేదు. పేపరోనికి నేనే టీ తాపిచ్చి రాపిచ్చినా. టౌన్లో ఈ జీవాన్ని పుణ్యానికిస్తామన్నా తీసుకునేవాళ్ళు లేరు."

"మరి ఆయమ్మ గుట్ట ఏంటికి పాడింది?" అన్నాడు సోమప్ప.

"చదువుకునే పిల్లోళ్ళకు చెట్లు, పురుగులు చూపిచ్చాల. ఆ దుడ్లు కాలేజీవి. నాకేం సంబంధం."

ఒకడు నవ్వాడు. ఆ నవ్వు జనమంతా పాకింది. సీసాలు కడిగేవానికి పేపర్లో పేరంట అని ఒకరన్నారు. నాకు అప్పుడే అనుమానమని ఇంకొకరన్నారు. సోమప్పకు మాత్రం నవ్వు రాలేదు. పది రోజులు తవ్విన చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. కోపంతో డబ్బాను కాలితో తన్నాడు. ముళ్ళ ఉండలు చావిడి అరుగు వెంబడి దొర్లి ఆగిపోయాయి. వాటి వైపు ఎవరూ చూడలేదు, మారెప్ప తప్ప. కాసేపటికి ఒకటి విచ్చుకుని గోడ వారగా గుట్ట దిక్కు నడిచింది. మిగతావాళ్ళలో కొందరు సంచులు విదిలించి వస్తామని గుట్ట వైపు పోయారు, కొందరు అక్కడే కుమ్మరించారు. పని అయింది.

నల్లమ్మ తల ఎత్తలేదు. "అబద్దమాడినావా రా మారా?" అంది నేలను చూస్తూనే.

"అబద్దమే అక్కా."

అంతకంటే ఆమె తిట్టినా, చెయ్యి చేసుకున్నా అతనికి సుఖంగా ఉండేది. పక్కకు పిలిచి చెవిలో నిజం చెప్పేయాలని కాళ్ళు లాగాయి. చెబితే తెల్లారేసరికి బోరింగుకు, ఎల్లుండికి కుందుర్పి సంతకు తెలుస్తుంది. మళ్ళీ గడ్డపారలు లేస్తాయి. ఆమెకు ఈ రోజే కాదు, ఎప్పటికీ చెప్పలేడు.

తలారి లింగన్నకు వేళాకోళం ఎక్కువ. ఊరి పాటలన్నిటికీ కేక వేసేది అతనే. బొమ్మ పక్కన నిలబడి గొంతెత్తాడు. "ఎవురూ అడగని బొమ్మంట, మనమన్నా అడుగుదాం రాండప్పా. ముండ్లెలుక బొమ్మ, ఒక రూపాయి. ఒక రూపాయి ఒకటోసారి." జనం మళ్ళీ నవ్వారు. "ఒక రూపాయి రెండోసారి."

"పదకొండు రూపాయలు," అంది నల్లమ్మ.

లేచి నిలబడి కొంగు ముడి విప్పింది. ఒక పది నోటు, ఒక రూపాయి బిళ్ళ. అవి తప్ప ఆ ముడిలో ఇంకేం లేవు. లింగన్న నోట్లో నవ్వు అట్లే ఆగిపోయింది. లింగన్న ఒకసారి అందరివైపూ చూసి, ఈసారి కేక వేయకుండా మామూలు గొంతుతో, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాడు.

ఆమె స్తంభం దగ్గరికి వచ్చి డబ్బు తమ్ముడి ముందు పట్టింది.

"ఇంక యాడా ఎవురూ కొనలేదని చెప్పుకోవద్దురా. నేను కొన్నా."

మారెప్ప ఆ పదకొండు రూపాయలు రెండు చేతులతో అందుకున్నాడు.